బదులు రాని ఈల

షియోజకి ఊరు,
ఫిబ్రవరి.

కయొనోకి,

ఉత్తరం మొదట్లో వాతావరణం సంగతి రాయాలని పెద్దవాళ్ళు నేర్పారు కాబట్టి రాస్తున్నాను. చలిగా ఉంది. అయింది కదా, ఇక అసలు మాటకి వస్తాను.

నేను అరిచానని మొన్న ఫోను పెట్టేశావు. మళ్ళీ చెయ్యడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. ఉత్తరమైతే ఆ బాధ లేదు, ఎంత తిట్టినా మధ్యలో పెట్టెయ్యలేవు.

నడక కుదురుగా రాని వయసులో నిన్ను రేవు దగ్గర నీళ్ళలో ముంచి లేపి ఊపిరి బిగబట్టడం నేర్పింది నీ మేనత్త, ఈ హత్సుయో. ఎందుకు నేర్పింది? రాతి అడుగున కరుచుకుని కూర్చున్న అవాబీ గుల్లని ఇనుప కమ్మితో పీకి పైకి తెస్తావని. నువ్వు చేస్తున్నదేమిటి? నగుసా పట్నం అక్వేరియంలో గాజుపెట్టెలో మునిగి, ఐస్‌క్రీమ్ నాకుతూ నిలబడ్డ జనానికి చెయ్యి ఊపుతున్నావు. పైగా తెల్లబట్టల్లోనట! మన ఆమాలు, గుల్లల కోసం మునిగే ఆడవాళ్ళు, తెల్లబట్టలు వదిలి నల్ల రబ్బరు తొడుగుల్లోకి దూరి ఎన్నేళ్ళయింది? ఒడ్డుకి కొట్టుకొచ్చిన టైరుల్లా ఉంటాం మనం. ఆ సంగతి నీ జనానికి చెప్పావా, లేక నవ్వి ఊరుకున్నావా?

గుడిసె సంగతి విను. మనతో మునిగే ఇతోనోకి మోకాళ్ళు పట్టేసి కూతురి ఇంటికి పోయింది. ఇక మన గుడిసెలో మిగిలింది నువ్వూ నేనూ. ఒంటరిగా ఎవరూ సముద్రంలోకి దిగకూడదని మత్స్య సంఘం కట్టుబాటు. అది నేను పుట్టకముందు నుంచీ ఉంది, నాకోసం మార్చరు, మార్చమని నేనూ అడగను. మార్చి నెలాఖరులోగా గుడిసె తరఫున రెండు పేర్లు చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడు నన్ను దిగనివ్వరు. గుడిసెని పర్యాటక సంఘం వాళ్ళు తీసుకుంటారు. మనం ఒళ్ళు కాచుకునే పొయ్యి చుట్టూ పట్నం వాళ్ళని కూర్చోబెట్టి, మెడకి గుడ్డలు కట్టి, గుల్లలు కాల్చి తినిపిస్తారట.

పై గుడిసెవాళ్ళతో చేరొచ్చు కదా అంటావేమో. వాళ్ళతో నాకు మాటల్లేవు. వాళ్ళు నన్ను రానివ్వరు, రమ్మన్నా నేను పోను.

నీళ్ళలోకి దిగకుండా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తే నేను ఏడాది తిరక్కుండా పోతాను, ఇది బెదిరింపు కాదు. ఆ వేషం విప్పి పారేసి రా.

హత్సుయో


నగుసా పట్నం,
మార్చి.

అత్తయ్యకి నమస్కారం.

ఇక్కడ చలిగా లేదు. గోడల్లోంచి వేడి వస్తుంది.

మీ తిట్లన్నీ చదివాను. ఐస్‌క్రీమ్ నాకే జనం అన్నచోట నవ్వాగలేదు, ఎందుకంటే నిజమే. నిన్న ఒకాయన నాకు చెయ్యి ఊపబోయి తన ఐస్‌క్రీమ్ గాజుకి పులిమేశాడు. మునిగి ఉన్నంతసేపూ అది జారడం చూస్తూ గడిపాను.

ఇక్కడి పని ఎలా ఉంటుందో చెబుతాను, ఇంకొన్ని తిట్లకి సరుకు దొరుకుతుంది మీకు. పొద్దున్నే గుల్లల్ని బండల మధ్య పేర్చిపెడతారు. జనం నిండాక నేను దిగి వాటిని ఏరుతాను, పైకెత్తి చూపిస్తాను, అందరూ చప్పట్లు కొడతారు. సాయంత్రం మళ్ళీ వాటిని అక్కడే పేరుస్తారు. ఒక ముసలి శంఖుగుల్ల ఉంది, దాన్ని ఎన్నిసార్లు పైకి తెచ్చానో లెక్కలేదు, నేను కనపడితే చాలు తలుపు మూసుకుంటుంది. పని అయ్యాక వేడినీళ్ళ స్నానం. మధ్యాహ్నం క్యాంటీనులో అన్నం, కూర. చేతులు పగలడం లేదు అత్తయ్యా. అద్దంలో చూసుకుంటే నా చేతులేనా అనిపిస్తోంది.

మేనేజరు కుసుమోతో గారు మంచివాడే, కాస్త అతి. పైకి తేలి ఊపిరి వదిలేటప్పుడు మనం వేసే ఈల మైకులో వెయ్యమంటాడు. నాతో మునిగే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఇంకొకర్ని వెతుకుతున్నారు. "వయసు పైబడినవాళ్ళైతే మరీ మంచిది, నిఖార్సైన ఆమాలా ఉంటారు" అంటున్నాడు. మీ పేరు చెప్పలేదు, కంగారు పడకండి.

గుడిసెకి నేను రాను. ఆ చలి, ఆ పొగ, ఆ కంపు నాకు పడలేదు. రెండో పేరు వేరే ఎవరిదైనా చూసుకోండి. పై గుడిసెవాళ్ళ కాళ్ళైనా పట్టుకోండి. మీకు నీళ్ళు కావాలని నాకు తెలుసు, కాని నేను మాత్రం రాను. ఇక ఆ మాట అడగకండి.

ఒకసారి వచ్చి చూసి తిట్టండి. చూడకుండా తిడితే తిట్టులో పస ఉండదు.

కయొనో


షియోజకి,
మార్చి.

కయొనోకి,

చలి పడలేదా! పొగ పడలేదా! ఆ పొగలో కూర్చుని చిలగడదుంపలు కాల్చుకు తిని పెరిగిన ఒళ్ళే అది. వేడినీళ్ళ స్నానమూ, కూరా అన్నమూ చూసి మురిసిపోతున్నావు, కట్టేసిన కుక్కకి కూడా రెండు పూటలా పెడతారు. చేతులు నున్నగా అయ్యాయట, చెప్పుకోవడానికి సిగ్గు ఉండాలి.

నిఖార్సైన ముసలి ఆమా కావాలా మీ కుసుమోతోకి? ఆయన బొమ్మల దుకాణంలో ఒకటి కొనుక్కుని నీళ్ళలో వెయ్యమను.

పర్యాటక సంఘం నుంచి ఒకడు టేపు పట్టుకుని వచ్చి గుడిసె కొలిచి వెళ్ళాడు. నేను పొయ్యి ముందు కూర్చుని ఉండగానే, నా వీపు వెనక నుంచి టేపు లాగాడు. "అమ్మమ్మగారూ, కాస్త జరుగుతారా" అన్నాడు. జరగలేదు. వాడే నా చుట్టూ తిరిగి కొలుచుకున్నాడు.

మా సంఘం ఆడవాళ్ళ విహారయాత్ర ఈసారి నగుసాకేనట. నేను వద్దన్నాను, అందరూ అక్వేరియం అక్వేరియం అని చంటిపిల్లల్లా గోల పెట్టారు. ఏడాది పొడుగునా చేపల మధ్య బతికి, సెలవు దొరికితే చేపల్ని చూడ్డానికి పోతారు, వీళ్ళ బుర్రలు నాకర్థం కావు. బస్సులో నా చోటు ఖాళీగా పోతుంది కాబట్టి వస్తున్నాను. నీకోసం కాదు.

ఎండబెట్టిన కవ్వళ్ళ చేపలు తెస్తాను. నీకు కాదు, నీ ఇంటి యజమానురాలికి.

హత్సుయో


షియోజకి,
మార్చి ఆఖరు.

కయొనోకి,

నిన్ను పలకరించకుండా వెళ్ళిపోయానేమని నువ్వు అడగవు. ఎందుకో నీకు తెలుసు. అయినా మొదటినుంచీ రాస్తాను, నా కోపం కాస్త చల్లారాలి.

బస్సులో జెండా పట్టుకున్న గైడు పిల్ల ఒకతి దారి పొడుగునా పాడుతూనే ఉంది. దాని గొంతు వింటూ కూర్చోవడం కన్నా నడిచి రావడం మేలనిపించింది. ముందు ఆ జంట బండల దగ్గర దింపారు. నీళ్ళలో రెండు బండలు, వాటి మధ్య గడ్డితాడు, వాటిని మొగుడూ పెళ్ళాం అని జనం దండాలు పెట్టడం. తాడు కట్టాకనే కదా అవి కలిసున్నది! ఆ తాడు మారుస్తూ ఉండకపోతే పెళ్ళాం బండ ఎప్పుడో పోయేది, నేనైతే పోయేదాన్ని. అక్కడ కప్ప బొమ్మలకి నీళ్ళు పొయ్యమంటే అందరూ పోశారు. చేపల కొట్టు మసుయో అయితే మూడు కప్పలకి పోసింది. "పోనీలే అక్కా, పుణ్యం" అంటుంది. కప్పకి నీళ్ళు పోస్తే పుణ్యమా? దానికి నీళ్ళ కరువా?

తర్వాత ముత్యాల దుకాణం. గ్లౌజులు తొడుక్కున్న అమ్మాయి ఒక హారం తీసి నా మెడ దగ్గర పెట్టి, "అమ్మగారికి చాలా హుందాగా ఉంది" అంది. అద్దంలో చూశాను. నల్లగా కమిలిన మెడ, దాని మీద ముత్యాలు. ముత్యాలకే సిగ్గేసి ఉంటుంది. అక్కడ ఒక నక్షత్రం బొమ్మ కుట్టిన తలగుడ్డ కూడా అద్దాలపెట్టెలో పెట్టారు, ప్రాణరక్ష కోసం మనం కుట్టుకునే గుర్తే. కుట్టు చూస్తే అది ఏ మిషను మీద కుట్టిందో చెప్పొచ్చు. దానికి రక్ష వేరే కావాలి.

ఇక మీ అక్వేరియం. గుమ్మంలోనే తెల్లబట్టల ఆమా బొమ్మలు, తాళంచెవులకి తగిలించుకునేవి, వరసగా వేలాడదీశారు. అన్నీ ఒకేలా నవ్వుతున్నాయి. చలినీళ్ళలోంచి పైకి తేలినదాని మొహం అలా ఉంటుందా? మొదటి గదిలో పారచేపలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఎక్కడికీ పోవు, వస్తాయి, పోతాయి, వస్తాయి. నా పక్కన ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని, "ఉప్పు రాసి కాలిస్తే ఎంత బాగుంటాయో" అన్నాడు. ఆ భవనం మొత్తంలో నాకు వినపడ్డ తెలివైన మాట అదొక్కటే. ఆయన పెళ్ళాం మాత్రం మోచేత్తో పొడిచింది.

పెంగ్విన్‌లని వరసగా నడిపించారు. అందరూ మురిసిపోయారు. సంఘం సమావేశానికి మన మగవాళ్ళు అచ్చం అలాగే నడిచి వస్తారు, ఎవరూ ఫోటో తియ్యరు. సీలయను అనే ఆ మీసాల జంతువు బంతి ఎగరేసి తన చప్పట్లు తనే కొట్టుకుంటుంది. దానికైనా వెంటనే చేప ఇస్తారు.

తర్వాత నువ్వు. మైకులో ఒకడు, "మన ఆమా ఇప్పుడు సముద్ర గర్భంలోకి దిగుతోంది" అన్నాడు. సముద్ర గర్భమట! రెండు నిలువుల లోతు లేదు. నేను మాత్రం చూశాను. నీళ్ళు చిమ్మకుండా దిగావు, కాళ్ళు కలిపి. అది నేను నేర్పింది, మైకువాడు నేర్పింది కాదు. ఆ ముసలి శంఖుగుల్లని కూడా చూశాను పాపం. మసుయో పక్కన నిలబడి, "కయొనో ఎంత అందంగా ఉందో" అంది. నాకు గర్వంగానే ఉంది. ఆ గర్వం మీద కోపమూ వచ్చింది.

అందుకే మెట్లెక్కి పైకి వచ్చాను, నువ్వు తేలే చోటికి. గొలుసు అడ్డం కట్టి ఉంటే దాటాను. ఒకడు "అమ్మమ్మగారూ, అక్కడికి పోకూడదు" అన్నాడు. పోయాను. నువ్వు తేలావు. నీకు కుడిపక్కన, నా చెయ్యి చాస్తే అందే దూరంలో. నేను ఈల వేశాను. మన ఈల. మంచులోనూ గాలిలోనూ మైలు దూరం నుంచి నువ్వు గుర్తుపట్టే ఈల.

నువ్వు తల తిప్పలేదు. పక్క కొలనులో సీలయను తిప్పింది. నువ్వు తిప్పలేదు. జనం వైపు నవ్వి, మళ్ళీ మునిగిపోయావు.

ఈలకి బదులియ్యకపోవడం అంటే ఏమిటో మన ఊళ్ళో పుట్టిన పిల్లకి చెప్పనక్కర్లేదు. పై గుడిసెవాళ్ళు, నా మొహం చూడనివాళ్ళు, నీళ్ళలో ఉంటే నా ఈలకి బదులిస్తారు. శత్రువుకైనా ఇస్తాం. ఇవ్వకపోతే తను చచ్చిపోయినట్టు, లేదా పిలిచినది తనకి చచ్చిపోయినట్టు. ఇంతకన్నా చెంపదెబ్బ కొట్టుంటే బాగుండేది.

నువ్వు నన్ను వద్దనుకున్నావు, సరే. నాకూ మేనకోడలు లేదు. సంఘానికి పేరు ఇవ్వను. గుడిసె పోతే పోనీ. కవ్వళ్ళు బస్సులోనే అందరికీ పంచేశాను.

హత్సుయో


నగుసా పట్నం,
ఏప్రిల్.

అత్తయ్యా,

మీరు పైకి వచ్చారని నాకు తెలియదు. మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

నాకు కుడిచెవి వినపడదు.

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. నిరుడు వసంతంలో సముద్రం తెరిచిన మొదటి రోజు నాకు జలుబు. ముక్కు దిబ్బడేసి, తలంతా బరువుగా ఉంది. జలుబుతో లోతుకి దిగకూడదని మీరే నాకు చెప్పారు. కాని మొదటి రోజున గుడిసెలో కూర్చున్నదాన్ని మనవాళ్ళు ఏడాదంతా ఎలా చూస్తారో మీకు తెలుసు. "జలుబుట పాపం, దుప్పటి కప్పండమ్మా" అంటారు. అందుకని ముక్కు చీది, ఏమీ లేనట్టు దిగాను. తూర్పు గట్టు దగ్గర, లోతైన చోట, చెవిలో ఏదో పగిలినట్టు అయింది. పైకి తేలాను. మీరు నా కుడిపక్కనే ఉన్నారు, మీ పెదాలు ఈల వేస్తున్నాయి. నాకు ఈల వినపడలేదు, ఎడమచెవి నిండా అలల హోరే. మీ నోరు చూసి బదులు వేశాను.

ఆ ఎండాకాలమంతా అలాగే వేశాను అత్తయ్యా. పైకి రాగానే ముందు మీ మొహం ఎటుందో వెతుక్కునేదాన్ని. మీరు అటు తిరిగి ఉంటే నా ప్రాణం పోయేది. పట్నంలో డాక్టరు, లోపలి నరం పోయింది, ఇక రాదు, లోతు మాట మర్చిపో, ఇంకో చెవి కూడా పోతుంది అన్నాడు. ఈ గాజుపెట్టె లోతైతే ఫరవాలేదన్నాడు, అదీ ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు.

పొగమంచు కమ్మిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మీరు ఈల వేశారు, నేను బదులియ్యలేదు. మీరు కుడిపక్క ఉన్నారు, మంచులో మీ మొహం కనపడలేదు నాకు. నేను మునిగిపోయానని మీరు ఊపిరైనా సరిగ్గా తీసుకోకుండా మళ్ళీ దిగారు. పైకి వచ్చేసరికి మీ పెదాలు నీలం. "ఎక్కడ చచ్చావే" అని నన్ను తిట్టి, గుడిసెలో సాయంత్రం దాకా వణికారు. నేను తేలిన చోటే ఉన్నాను, ఏమీ కాలేదు నాకు. మీరు నాకోసం చచ్చిపోయేవారు, ఏమీ కాని నాకోసం. ఆ రోజే అనుకున్నాను, ఈల వినపడని దాన్ని జతగా పెట్టుకుంటే మీ ప్రాణానికే ముప్పు అని.

చెబితే మీరు ఏం చేస్తారో తెలుసు. ఫరవాలేదంటారు, ఎడమచెవి ఉంది కదా అంటారు, నన్ను దింపుతారు, మళ్ళీ మంచు వస్తుంది. అందుకే చలి పడలేదన్నాను, కంపన్నాను. మీరు తిడితే పడగలను. మీరు జాలిపడితే నేను తట్టుకోలేను, అదొక్కటే నిజం.

నేను మిమ్మల్ని వద్దనుకోలేదు. నా వల్ల మీకు సముద్రం లేకుండా పోయింది. దీనికి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. పై గుడిసెకి వెళ్ళండి, మీ పౌరుషం ఒక్క ఏడాది పక్కన పెట్టండి.

కయొనో


షియోజకి,
ఏప్రిల్.

కయొనోకి,

మూర్ఖురాలివి. జలుబుతో మొదటిరోజు దిగావా! నేను కూడా అలాగే దిగేదాన్ని, అది వేరే సంగతి. నా చెవులు గట్టివి.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. రాశాను కదా, ఇక ఆ మాట ఎత్తకు. ఎండాకాలమంతా నా నోరు చూసి బదులిచ్చావా, నేనేమో నువ్వు నాకంటే బాగా వేస్తున్నావని లోపల మురిసిపోయాను. జాలి నా దగ్గర లేదు, వెతికినా దొరకదు. కోపం ఉంది, కావలసినంత.

నువ్వు చేసింది సరైన పని. మంచులో నా ఈల వినపడని దానితో నేను దిగను, అది నువ్వైనా సరే. ఇది నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తూర్పు గట్టు దగ్గరికి నువ్వు ఇక రాకూడదు.

పై గుడిసెవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అవును, వెళ్ళాను. ముసలిది, ఆ పెద్దావిడ, నన్ను గుమ్మంలో నిలబెట్టి, "ఇన్నాళ్ళకి దిగొచ్చావా హత్సుయో" అంది. నా చెప్పులు నేను వేసుకుని వచ్చేశాను. మా ఇద్దరికీ చెరొక పొయ్యి ఉంటేనే ఊరికి క్షేమం.

గుడిసె ఇచ్చేశాను. టేపువాడు వచ్చి తాళం తీసుకున్నాడు. వాడు అప్పుడే గుమ్మానికి కాగితం లాంతర్లు తగిలించాడు, పొయ్యి చుట్టూ ఎర్ర దిండ్లు వేశాడు. పొగ ఎక్కువగా వస్తోందని గొట్టం పెట్టిస్తాడట. నా ఇనుప కమ్మి గోడకి అలంకారంగా ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు. వాకిట్లోకి వచ్చి, సముద్రం వైపు చూడకుండా ఇంటికి పోయాను. నాలుగు రోజులు టీవీ చూశాను. వంటల కార్యక్రమంలో ఒకడు చచ్చిన గుల్లని కోస్తూ "తాజా" అన్నాడు, ఆపేశాను.

తర్వాత మీ కుసుమోతోకి ఫోను చేశాను. నిజం, చేశాను. వయసెంత అన్నాడు, చెప్పాను. వలలో డైనోసారు పడ్డట్టు ఎగిరి గంతేశాడు. "అద్భుతం అమ్మగారూ, అద్భుతం" అంటూనే ఉన్నాడు. నా షరతులు చెప్పాను. నవ్వను. చెయ్యి ఊపను. మైకులో ఈల వెయ్యను, ఈల నా ఊపిరి, ఆయన సంగీతం కాదు. కొలతకి తక్కువైన గుల్ల చేతికొస్తే అందరి ముందూ నీళ్ళలో వదిలేస్తాను, చప్పట్లు కొడితే కొట్టుకోమను. తెల్లబట్టలు కట్టను అన్నాను. ఆయన ఏడుపు గొంతు పెట్టాడు. సరే కడతాను, బొమ్మలా కనిపిస్తే మాత్రం ఆ రోజే పోతాను.

నీమీద ప్రేమ పుట్టుకొచ్చి వస్తున్నాననుకోకు. నాకు నీళ్ళు కావాలి. నీళ్ళలోకి దిగాలంటే జత కావాలి. నా జతని ఆ ఐస్‌క్రీమ్ జనం ముందు పెట్టెలో పెట్టుకున్నారు, అక్కడికే రావాలి, ఏం చేస్తాను. పైగా ఆ పెళ్ళైన అమ్మాయి పోయినప్పటి నుంచీ నువ్వు అక్కడ ఒంటరిగా మునుగుతున్నావు. లోతు లేకపోతే ఏం, నీళ్ళు నీళ్ళే. ఈ మాట మీ కుసుమోతోకి కూడా అన్నాను, సిగ్గుపడ్డాడు, కనీసం ఆ చప్పుడు చేశాడు.

సోమవారం మొదటి బస్సులో దిగుతాను. నీ ఇంటి యజమానురాలికి చెప్పు, నా పరుపు గట్టిగా ఉండాలి.

ఇంకొక్క మాట, బాగా గుర్తుపెట్టుకో. పైకి తేలినప్పుడు నా మొహం కోసం వెతకొద్దు. నేను నీకు ఎడమపక్కన ఉంటాను. ఈల వేస్తాను, వినపడగానే బదులియ్యి.

హత్సుయో